పిట్ట ముఖానికి టచింగ్

ఫొటో చూసి అడవిపిట్ట పేరు చెప్పడం సులువైన పని. పిట్టల గురించి ఏమీ తెలియనివాళ్ళకు మరీ సులువు. పోలీసు చర్య జరిగిన ఏడాది ఎండాకాలంలో ఆ పనికి దిగినప్పుడు నాకున్న అర్హతలు ఇవి: సగం పూర్తయిన ఓవర్సీరు చదువు, సొంత కంపాసు పెట్టె, పిచ్చుకకూ గోరింకకూ తేడా చెప్పగల ప్రజ్ఞ. అంతకన్నా తక్కువ అర్హతలతో పెద్ద పెద్ద కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు సికింద్రాబాదులో అప్పుడు చాలామంది ఉండేవారు. కాబట్టి నాకేమీ సంకోచం కలగలేదు.

పని అప్పగించినాయన మారేడ్‌పల్లిలో మా గోడ అవతలి ఇంట్లో ఉండేవాడు. నేను చాచా అనేవాణ్ణి. సర్కారు జంగ్లాత్‌లో, అంటే అడవుల శాఖలో, ఆయన జీవితమంతా గడిచింది. ఆ వేసవి మొదట్లోనే పదవీ విరమణ చేశాడు. పుట్టింది వరంగల్లు వైపు. ఇంట్లో తెలుగు, దఫ్తరులో ఉర్దూ మాట్లాడి, అడవిలో ఏమీ మాట్లాడకుండా బతికిన మనిషి. ఆయన అడవిలో దాచుకున్న మాటలన్నీ ఆయన భార్య ఇంట్లో ఖర్చుపెట్టేది. ఆమెను చాచీ అనేవాణ్ణి.

ఆయనకు ఒక పాత కెమెరా ఉంది. ముక్కాలి పీట మీద నిలబెట్టి, నెత్తిన నల్లగుడ్డ కప్పుకుని, గాజు ప్లేట్ల మీద ఫొటోలు తీసే రకం. తీసిన ప్లేట్లు పెట్టెలకొద్దీ మంచం కింద ఉండేవి. అన్నీ పిట్టలే. కానీ ఆయనకు కావలసింది వాటిలో ఒక్కటే.

ఎన్నో ఏళ్ళ కిందట, గోదావరి గట్టు అడవుల్లో, ఎండుటాకులు తిరగేసుకుంటూ నేల మీద నడిచే ఒక చిన్న పిట్టను ఆయన చూశాడు. వీపు మట్టిరంగు, గొంతు తెలుపు, రొమ్ము మీద నల్లటి సన్నని గీతలు. పిట్టల విషయంలో తీర్పులు చెప్పే పెద్దమనిషి ఒకాయన బొంబాయిలో ఉంటే ఆయనకు ఉత్తరం రాశాడు. ఆ పిట్ట మీ ప్రాంతంలో ఉండదు, వెలుతురు చాలక మరేదో చూసి ఉంటారు అని జవాబొచ్చింది. ఈ సంగతి పై అధికారి చెవిన పడింది. శాఖవాళ్ళ విందులో ఆయన అందరి ముందూ, "ఏం తాగి చూసినవ్?" అని అడిగాడట. చాచా జీవితంలో చాయ్ తప్ప మరేదీ తాగలేదు. తాగేవాళ్ళంతా ఆ మాటకు పడీ పడీ నవ్వారట.

అప్పటినుంచీ ఆ పిట్ట వెంట పడ్డాడు. ఉద్యోగంలో చివరి దౌరాలో, అంటే చివరి అడవి పర్యటనలో, అడవిలోకి ఎవరూ పోవడానికి సాహసించని ఆ రోజుల్లో, ఒక్కటంటే ఒక్క ప్లేటు మీద దొరికింది.

"సర్వీసంత సర్కారు పేరు మీదనే చేసిన, బేటా," అన్నాడు నాతో. "నాటిన చెట్టుకు సర్కారు ముద్ర, నరికిన చెట్టుకు సర్కారు ముద్ర. ఈ పిట్టొక్కటే నాది. బొంబాయి సాబ్ వానలు పోయినంక మద్రాసు పోతుండట. మన స్టేషన్ల బండి మారుతడట. గప్పుడు చూపిస్త."

"మీకు తెలిసిన పిట్టే గదా చాచా. మధ్యల నేనెందుకు?"

"నాకు తెల్సు గాబట్టే. నేనెట్ల చూసినా నాకు అదే కనబడ్తది. నీకు పిట్టా తెల్వదు, నా కథా పట్టదు. కొలిచి చెప్పు."

ఇంత శాస్త్రీయమైన అవమానం నాకు అంతకుముందు జరగలేదు. వెంటనే ఒప్పుకున్నాను.

మామూలుగా ప్లేట్లు చాచా తన స్నానాల గదిలోనే కడిగేవాడు. కానీ ఆ వేసవిలో ఇండియన్ యూనియన్ ప్రభుత్వం మన నిజాం రాష్ట్రానికి సరుకులు రాకుండా కట్టడి చేసింది. మందులు లేవు, పెట్రోలు లేదు, ఫొటోలు కడిగే రసాయనాలు అసలే లేవు. గడియారం స్తంభం దగ్గరి ఒక స్టూడియోలో మాత్రం పాత నిల్వ ఉందని తెలిసి, ఈ ఒక్క ప్లేటునూ అక్కడ ఇచ్చాడు. కొన్నాళ్ళకు కోడిగుడ్డు ఆకారపు అట్ట చట్రంలో, అంచున పూలతీగతో సహా, పిట్ట ఫొటో వచ్చింది. చట్రం చూసి చాచీ, "పిల్ల బాగున్నది, ఎవరి బిడ్డ?" అన్నది.

చాచా దగ్గరున్న లావుపాటి ఇంగ్లీషు పిట్టల పుస్తకాన్ని ముందు పెట్టుకుని నేను పని మొదలుపెట్టాను. నలుపు తెలుపు ఫొటోలో రంగుల మాట లేదు. అడవిలో నేలపిట్టలన్నీ ఒక తల్లి పిల్లల్లా ఉంటాయి. అందుకని ముక్కు పొడవును ఒక కొలతగా పెట్టుకుని మిగతా అవయవాలన్నిటినీ దానితో భాగించాను. గొంతు తెలుపు, సరే. రొమ్ము తెలుపు, నున్నగా ఉంది, ఒక్క మచ్చ లేదు. కంటి చుట్టూ స్పష్టమైన వలయం ఉంది. వీపు ముదురు. పుస్తకంలో ఇవన్నీ కలిసినది ఒకే ఒక పిట్ట. కంటి చుట్టూ ఉంగరంతో, తెల్లటి రొమ్ముతో ముళ్ళపొదల్లో తిరిగే మామూలు పిట్ట. తోక ఒక్కటే కుదరలేదు. పుస్తకం పిట్టకు తోక పొడుగు, మన పిట్టకు పొట్టి. కెమెరా కోణం వల్ల కురచగా కనబడుతోందని ఒక బొమ్మ గీసి నిరూపించాను. గీత గీసి నిరూపించలేనిది ఏదీ ఉండదని మా కళాశాల నేర్పిన విద్య.

చాచాకు ఫలితం చెప్పాను.

"గా పిట్ట ఏడుంటది?" అన్నాడు నెమ్మదిగా.

"అంతటా ఉంటది చాచా. మౌలాలి గుట్ట కింద పొదలల్ల సుత ఉంటదట."

"మౌలాలి పిట్ట కోసం నేను గోదారి గట్టు దాక పోయిన్నా?"

ఆయన ఫొటో తీసుకుని చూశాడు. గీతలు లేవు. ఎంత చూసినా లేవు. తన కళ్ళతో చూసిన గీతలు తన ఫొటోలోనే లేకపోతే ఆ మనిషి ఎవరిని నమ్మాలి? ఫొటోను బోర్లించి పెట్టాడు. "అప్పుడు వాళ్ళు నవ్వింది కరెక్టే," అన్నాడు. ఆ తర్వాత చాలా రోజులు గోడ దగ్గరికి రాలేదు.

సెప్టెంబరులో విమానాలు వచ్చాయి. మా పెరట్లో కందకం తవ్వుకుని అందులో కూర్చున్నాం. యుద్ధం ఎన్నాళ్ళైనా సాగుతుందని, ఢిల్లీ ఎర్రకోట మీద నిజాం ఆసఫియా జెండా ఎగురుతుందని రేడియోలో గర్జించినవాళ్ళ గొంతు, కందకంలో మేము తెచ్చుకున్న అటుకులు అయిపోకముందే ఆగిపోయింది. యూనియన్ సైన్యం బొల్లారం వైపునుంచి దిగింది. నిన్నటిదాకా ఒక జెండా పట్టుకున్న చేతులు దర్జీ దగ్గర ఇంకో జెండా కుట్టించుకోవడానికి వరస కట్టాయి. చాచా మాత్రం ఇంట్లోంచి కదలలేదు. ఆయనకు భయపడటానికి కారణాలున్నాయి. ముసల్మానుల గురించి ఊళ్ళనుంచి వస్తున్న వార్తలు మంచివి కావు. మా నాన్న రోజూ సాయంత్రం ఆ ఇంటి అరుగు మీద కూర్చుని పత్రిక చదవడం మొదలుపెట్టాడు. అంతకుముందు ఎన్నడూ అక్కడ చదవలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు.

ఆయుధాల కోసం ఇళ్ళు వెతుకుతూ ఒక జవాను చాచా ఇంటికి వచ్చాడు. ఉత్తరాది మనిషి. ముక్కాలి పీట మీద నల్లగుడ్డ కప్పుకుని నిలబడిన వస్తువును చూసి తుపాకీ ఎత్తాడు. నేను పరుగెత్తి వెళ్ళి అది కెమెరా అని వచ్చీరాని హిందీలో చెప్పాను. దేనికి కెమెరా అన్నాడు. పిట్టలకు అన్నాను. ఎవరూ నమ్మని నిజాల్లో అదొకటి. రుజువుగా చాచీ అట్ట చట్రంలోని ఫొటో తెచ్చి చూపించింది. జవాను ముఖం వికసించింది. ఇది మా పొలం గట్ల మీద కూడా ఉంటుంది, చిన్నప్పుడు దీని గూళ్ళు వెతికేవాళ్ళం అన్నాడు. ముంజేత్తో చట్రం తుడిచి ఇచ్చి వెళ్ళిపోయాడు.

ఇల్లు నిలిచినందుకు చాచీ అల్లాకు షుక్రియా చెప్పుకుంది. చాచా మాత్రం కుర్చీలో కూలబడ్డాడు.

"పటాలం సుత నీ మాటే అన్నది, బేటా."

"నువ్వు తుపాకికి భయపడలే గానీ..." అన్నది చాచీ, "పిట్టకు గింత పరేషానా?"

"తుపాకి ఒక్కసారే సంపుతది."

నన్ను ఆ తోక వదల్లేదు. నా బొమ్మ కాగితం మీద సరిగ్గానే ఉంది, కానీ కాగితం మీద సరిగ్గా ఉన్నవి ఆ సెప్టెంబరులో చాలా కూలిపోయాయి. రాకపోకలు మొదలయ్యాక ఒక పొద్దున మౌలాలి పోయాను. చాచా దుర్భిణి ఆయన ఇంట్లోనే వదిలి వెళ్ళాను. దుర్భిణి పట్టుకుని గుట్ట ఎక్కేవాణ్ణి ఎవరైనా చూస్తే నన్ను ఏ పక్షం మనిషి అని తేల్చడానికి ఏ పుస్తకమూ చూడరు.

గుట్ట కింద రేగుపొదల్లో పిట్ట తనంతట తానే దగ్గరికొచ్చింది. తెల్లని రొమ్ము, పొడుగు తోక. కంటి చుట్టూ ఉంగరం. నేను నిలబడిపోయాను. ఆ ఉంగరం నారింజ రంగులో ఉంది.

మాలాంటి చదువు చదివినవాళ్ళకు అది చాలు. చాచా వాడిన పాతరకం ప్లేటుకు ఎరుపు కనబడదు, నారింజ కూడా దాదాపు కనబడదు. అవి ఫొటోలో నల్లగా పడతాయి. ఈ పిట్టను ఆ ప్లేటు మీద తీస్తే కంటి ఉంగరం చీకటిగా రావాలి. మన ఫొటోలో అది సున్నం పెట్టినట్టు తెల్లగా ఉంది. అంటే ఆ ఉంగరం ఏ పిట్టదీ కాదు, మనిషి చేతిది.

తిన్నగా స్టూడియోకి పోయాను. అక్కడ ప్లేట్ల మీద పెన్సిలుతో దిద్దే ఆయన్ని అందరూ ఆర్టిస్టు గారనేవారు. ఆయన కూడా తన్ను తాను అలాగే అనుకునేవాడు. బల్ల మీద ఒక పెద్దమనిషి ప్లేటు ఉంది. నెత్తిన నిజాం దర్బారువాళ్ళు పెట్టుకునే కుచ్చు రూమీ టోపీ.

"జెర ఆగు," అన్నాడు తలెత్తకుండా. "ఈ టోపీ ఊడదీసి గాంధీ టోపీ పెట్టాలె. మొన్నటి దాక టోపీ లేనోళ్ళకు రూమీ టోపీ పెట్టమన్నరు. ఇప్పుడు ఉన్నోళ్ళకు తీయమంటున్నరు. కుచ్చు తీసుడు అల్కనే గానీ, గడ్డం గొరుగుడు శాన తక్లీఫ్."

నేను పిట్ట సంగతి అడిగాను.

"ఆ, యాదికున్నది! శాన కష్టపడ్డ దానికి. పాపం రొమ్మంత మచ్చలే. అమ్మవారు పోసినట్టుండె. అన్నీ నింపిన."

"పిట్టకు అమ్మవారు పోస్తదాండి?"

"ఏమో మరి, అడవిల ఉంటది, టీకాలేస్తరా?" అన్నాడు. "కండ్లు సుత లోపటికి వోయినయ్. సుట్టూ తెల్లగ గుండ్రం దిద్దిన. నడుమ రంగుతోని చుక్క పెట్టిన, జీవం వచ్చింది. కిందపక్క ఏందో ఊగిపోయి మసకగ ఉండె, చట్రంలకెళ్ళి కోసేసిన. నా చేతికొచ్చిన ఏ మొఖాన్నీ నేను మచ్చతోని పంపలే తమ్మీ. ఎన్ని పెండ్లిళ్ళు కుదిరినయో ఎరికేనా?"

సికింద్రాబాదులో ఏ స్టూడియోలోనైనా అది ఆచారమే. ప్లేటు కడగగానే ఎవరూ అడక్కపోయినా టచింగ్ చేస్తారు. పెళ్ళిచూపులకు పంపే ఫొటోలో మచ్చ ఉంటే తప్పు మచ్చది కాదు, స్టూడియోది. చాచా తన ప్లేట్లన్నీ ఇంట్లోనే కడుక్కున్నాడు కాబట్టి ఈ సంస్కారం ఆయన పిట్టలకు అప్పటిదాకా అందలేదు.

పెన్సిలు పనిని టర్పెంటైను కడిగేస్తుంది. ఆ మాట అనగానే ఆర్టిస్టు గారి ముఖం ఎర్రబడింది.

"నా చేతిపని మీద టర్పెంటైన్ పోస్తవా? ఇగో, ప్లేటు తీస్కపో. మచ్చల పిల్లను పెట్టుకుని ఏం జేస్కుంటరో జేస్కోండ్రి."

ఇంటికి తెచ్చి చాచా ముందు పెట్టి, చెప్పవలసినదంతా చెప్పాను. ఆయన నమ్మడానికి కూడా భయపడ్డాడు. ఉన్నది ఒక్క ప్లేటు. పైపొర లేచిపోతే పిట్టా లేదు, గీతా లేదు. దూది నా చేతికిచ్చాడు. కిటికీ వెలుతురుకు ప్లేటు పట్టుకుని, రొమ్ము దగ్గర టర్పెంటైన్ దూదితో మెల్లగా అద్దాను. ప్లేటు మీద అన్నీ తలకిందులు. నలుపు తెలుపుగా, తెలుపు నలుపుగా ఉంటాయి. పెన్సిలు మసి దూదికి ఎక్కుతుంటే, గాజు లోపల సన్నని తెల్లటి గీతలు ఒక్కటొక్కటే బయటపడ్డాయి. కంటి ఉంగరం పోయింది. కంటిలోని చుక్క మాత్రం పోలేదు. అది పెన్సిలు కాదు, నీటిరంగు. తడి చేస్తే పొర ఉబ్బుతుందని దాన్ని ముట్టుకోలేదు.

చాచా చాచీని పిలిచాడు. ఆమె వంగి చూసి, "నువ్వు చెప్పిన గీతలు గివేనా? ఎన్నేండ్లు నా చెవుల్ల గీసినవ్," అన్నది.

మళ్ళీ అచ్చు వేయించడానికి ఆర్టిస్టు గారినే బతిమాలాను. ప్లేటు మొత్తం, ఏదీ కోయకుండా, చట్రం లేకుండా. వేశాడు గానీ వెనక స్టూడియో ముద్ర వేయనన్నాడు. పరువు సమస్య.

బొంబాయి పెద్దమనిషి బండి మారే రోజు పొద్దున చాచా షేర్వానీ తొడుక్కుని అద్దం ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"ఏ టోపీ పెడ్తవ్?" అన్నది చాచీ తలుపు దగ్గరనుంచి.

"పిట్టకు టోపీ లేదు గద," అన్నాడు. ఆయన ఉత్త తలతో వీధిలోకి రావడం నేను చూడటం అదే మొదటిసారి.

స్టేషను ప్లాట్‌ఫారం మీద, సామాన్ల పెట్టె మీద కూర్చుని పెద్దమనిషి ఫొటోను అందుకున్నాడు. జేబులోంచి భూతద్దం తీశాడు. నేను పక్కన నిలబడి నా కొలతలు అప్పజెప్పబోతే చేయి ఎత్తి ఆపాడు. చాలాసేపు చూశాడు.

"గీతలున్నాయి," అన్నాడు ఇంగ్లీషులో. "తోక సరైనదే. పిట్ట అదే. కానీ దాన్ని ఎక్కణ్ణుంచో తెచ్చి, లోపల దూది కూరి, ఆకుల మీద నిలబెట్టి ఫొటో తీసినవాళ్ళను కూడా నేను చూశాను." మళ్ళీ భూతద్దం దించాడు. "కాదు. కంట్లో వెలుగుంది. ఇది ప్రాణమున్న పిట్టే. మీరు చెప్పింది ఒప్పుకుంటున్నాను."

ఇన్నేళ్ళుగా చాచా ఎదురుచూసిన మాట అది. నేను ఆయన వైపు చూశాను. ఆయన నా వైపు చూశాడు. ఆ వెలుగు గడియారం స్తంభం దగ్గర, మధ్యాహ్నం భోజనం తర్వాత, కుంచెతో పెట్టినది. ఆయన ఒక్క నిమిషం ఊరుకుంటే చాలు. ఊరుకోమని నా మోచేయి ఆయన మోచేతికి తగిలించాను కూడా.

"సాబ్," అన్నాడు చాచా ఉర్దూలో, "ఆ చుక్క పిట్టది కాదు. స్టూడియో వాడు పెట్టాడు. గీతలు మాత్రం పిట్టవే."

పెద్దమనిషి భూతద్దం తీసేశాడు. "చుక్క పెట్టినవాడు గీతలు పెట్టలేదని నేనెలా నమ్మాలి?"

న్యాయమైన ప్రశ్నే. బండికి కట్టే ఇంజను వెనక్కి వస్తోంది. అప్పుడు నా కన్ను ఫొటో కింది మూలకు పోయింది. మొదటి అచ్చులో ఆర్టిస్టు గారు సిగ్గుపడి కోసేసిన మూల అది. నేను కూడా కెమెరా కదిలిందనుకుని పట్టించుకోలేదు. పిట్ట ముక్కు కింద ఒక ఎండుటాకు గాలిలో ఉంది, తిరుగుతూ మసకబారిన ఆకు. చుట్టూ ఉన్న మిగతా ఆకులన్నీ ఈనెలు కనబడేంత స్పష్టంగా ఉన్నాయి.

"కెమెరా కదిలి ఉంటే అన్నీ మసక కావాలి," అన్నాను. "ఇదొక్కటే కదిలింది. అప్పుడే పిట్ట ముక్కుతో విసిరింది. దూది కూరిన పిట్ట ఆకులు తిరగేయదు. గీతల్లేని ముళ్ళపొదల పిట్టా తిరగేయదు."

భూతద్దం మూలకు జరిగింది. పెద్దమనిషి చాచా వైపు తిరిగి, "ఆ రోజు నేను మీకు రాసిన జవాబు తప్పు," అన్నాడు. "కంటి చుక్కను దాచని మనిషి చోటును కూడా దాచడు. ఎక్కడ అని రాసుకోమంటారు? హైదరాబాద్ స్టేట్ అనేనా? ఇకమీద ఆ పేరు ఉంటుందో లేదో."

"గోదారి ఇవతలి గట్టు అని రాయండి, సాబ్. గోదారి పేరు మార్చే సర్కారు ఇంకా రాలేదు."

పెద్దమనిషి ఫొటో వెనక, ఆర్టిస్టు గారు ముద్ర వేయకుండా వదిలిన ఖాళీలో, ఆ మాటే రాసుకున్నాడు. బండి కదిలింది.

తిరుగు దారిలో టాంగాలో చాచా ఉత్త తలను అప్పుడప్పుడు చేత్తో నిమురుకున్నాడు. ఇంటి ముందు దిగగానే చాచీ తలుపు తీసింది.

"ఏమన్నడు?"

"ఒప్పుకున్నడు."

"గిన్నేండ్లకు ఒప్పుకున్నడా?" అన్నది. "నేను మొదటి దినమే ఒప్పుకున్న గద. నన్నెవ్వరడిగిండ్రు?"

చాచా గుమ్మంలోనే ఆగి ఆమె వైపు చూశాడు, ఆకుల్లో ఏదో కదిలితే చూసినట్టు.

"ఇగ లోపటికి రా," అన్నది చాచీ. "మంచం కింది పెట్టెలు తియ్యాలె. ఊడ్చి ఎన్నేండ్లయిందో."